ముందొచ్చిన రాయి

కొండదిగువ రాజ్యంలో ఊరి బడులకు రాచసాయం అందే పద్ధతి ఒకటుండేది. ముందు శాసనం చెక్కిన రాయి వచ్చేది, సొమ్ము తర్వాత రావాలి. ఆ "తర్వాత" ఎప్పుడన్నది ఎవరూ అడగకూడదు.

మామిడివలస బడికి కప్పు లేదు. ఆ బడి ఊడ్చే గవరమ్మ పంతులుగారి చేత ఏడు అర్జీలు రాయించింది. ఎనిమిదోదానికి బండి మీద రాయి దిగింది. "బొక్కసం అధికారి పెద్దిభట్టు ఈ బడికి పెంకుల కప్పు వేయించెను. ఈ రాయిని పెకలించినవాడు గోవును చంపిన పాపాన పోవును" అని దానిమీద ఉంది. వానలు మొదలయ్యాయి. పిల్లలు తడుస్తూనే అక్షరాలు దిద్దుతున్నారు, సొమ్ము జాడ లేదు.

పక్షం రోజుల్లో రాజుగారు ఆ దారిన వెళ్తారని తెలిసి, గవరమ్మ ఆ రాయిని బడి ముందు, బాట పక్కనే పాతించింది.

ఆ కబురు విని పెద్దిభట్టు పల్లకీలో ఆదరాబాదరాగా వచ్చాడు.

"రాజుగారు చూస్తే నా తల ఉంటుందా? పీకించవే దాన్ని!"

"అమ్మో, ఆ పాపం మాకెందుకు బాబూ? కావాలంటే మీ చేత్తోనే పీకండి."

పెద్దిభట్టు రాయి మీద చెయ్యి వేశాడు. ఆఖరి మాట చదువుకుని చెయ్యి తీసేశాడు.

"మరేం చెయ్యమంటావు?"

"రాయిని కదపలేం గానీ, దానిమీద రాసింది నిజం చెయ్యొచ్చు కదా బాబూ. ఇంకా పదిరోజుల గడువుంది."

తొమ్మిదోనాటికి బడికి పెంకులు పడ్డాయి. పదోనాడు రాజుగారు శాసనం చదివి పెద్దిభట్టును మెచ్చుకున్నారు.

ఆ మర్నాడే గవరమ్మ తొమ్మిదో అర్జీ రాయించింది: "బడికి బావి కావాలి. సొమ్ముకు తొందరేం లేదు, ముందు రాయి పంపించండి."