ఎక్స్‌రేలో మనిషి

టీకా వేసిన నలభై ఎలుకల్లో ముప్పై ఎనిమిది చచ్చిపోయాయి. ఆ కబురు మోసుకుని గురువు గదిలోకి వెళ్ళడానికి ఎంత గుండె కావాలో ఓబులేసునే అడగాలి.

కదిరి నుంచి హైదరాబాదు వచ్చి వైదేహి మేడమ్ దగ్గర పరిశోధనకి చేరి నాలుగేళ్ళయింది. న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాకి టీకా కనిపెట్టాలని అతని పంతం. ఆ బ్యాక్టీరియా ఒంటిమీద ఒక ప్రోటీను ఉంటుంది. దాని ఆకారమంతా అణువు అణువూ లెక్కగట్టి కంప్యూటర్లో బొమ్మ కట్టాడు. పైపై భాగాలు ఒక్కో రకం బ్యాక్టీరియాలో ఒక్కోలా ఉన్నాయి. లోపల ముడుచుకుని ఉన్న నడిమి ముక్క మాత్రం నలభై రకాల్లోనూ ఒక్కటే. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాడు మనవాడు. ఆ ముక్కనే విడిగా తయారుచేసి టీకాగా ఎక్కించాడు.

ఎలుకల రక్తంలో యాంటీబాడీలు దండిగానే పుట్టాయి. గాజు పలకమీద ఆ ముక్కని పెడితే చటుక్కున పట్టుకున్నాయి కూడా. తీరా ఎలుకలకి బతికున్న బ్యాక్టీరియా ఎక్కించేసరికి దాన్ని పట్టించుకోకుండా వదిలేశాయి.

ఇక మిగిలింది ఒక్క విడత ఎలుకలు, ఒక్క ఏడాది గడువు. ఇది కూడా పోతే నాలుగేళ్ళ చాకిరీ బూడిదలో పోసినట్టే. మేడమ్ ముందుకి వెళ్ళి, ఈసారి డోసు రెట్టింపు చేస్తానని చెప్పుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

"తప్పు యాడుందో అర్థం కాలేదు మేడమ్. బొమ్మలో ఒక్క అణువు గూడా పక్కకి పోలేదు."

"పోలేదు. నేనూ చూశాను," అన్నారు మేడమ్.

అతని చంకలో పెద్ద కవరు ఉంది. ఏటా చేయించే ఆరోగ్య పరీక్షలో ఆ పొద్దున్నే తీసిన ఛాతీ ఎక్స్‌రే. మేడమ్ దాన్ని అడిగి తీసుకుని, కిందికి రమ్మని ముందు నడిచారు. ఈ కంగారులో నా ఊపిరితిత్తులతో ఈవిడకేం పని అనుకుంటూ వెనకే దిగాడు.

గేటు దగ్గర బాలనర్సయ్య ఉన్నాడు. పదకొండేళ్ళుగా అక్కడే కాపలా. రోజూ ఓబులేసుకి నమస్తే పెట్టి, తిన్నావా అని అడిగేది అతనే.

మేడమ్ ఫిల్ము మీది పేరుని బొటనవేలితో మూసి అతనికి చూపించారు.

"బాలనర్సయ్యా, రేపు ఈ మనిషి వస్తే లోపలికి రానివ్వకు. గుర్తుపడతావు కదా?"

బాలనర్సయ్య ఫిల్ముని ఎండకి పట్టి చూశాడు. పక్కటెముకలన్నీ చూస్తూ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఓబులేసు ఆ పక్కనే నిలబడి ఉన్నాడు.

"పక్కబొక్కలైతె మంచిగనే ఉన్నయి మేడమ్. గని మొహం సూస్తె గద, ఎవరో చెప్పేది."

ఓబులేసు చెవులు వేడెక్కాయి. చచ్చిపోయిన ఎలుకలు వరసగా కళ్ళముందు కదిలాయి. అయినా సందేహం ఊరుకోనిస్తుందా.

"బ్యాక్టీరియా మొహాలు మారిపోతాండాయి కదా మేడమ్. నలభై రకాలకి నలభై మొహాలు."

కరోనా రోజుల్లో అందరూ మాస్కులు కట్టుకుని వచ్చేవారే, అప్పుడు ఎలా పోల్చుకున్నావని మేడమ్ బాలనర్సయ్యనే అడిగారు. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు అతను నవ్వాడు.

"కండ్లు ఉన్నయి గద మేడమ్. ఎంత పెద్ద మాస్కు కట్టినా, కండ్లు మూస్కొని నడుస్తరా ఎవరన్న?"

ఎక్స్‌రే కవర్లోకి వెళ్ళింది. ఇద్దరూ మళ్ళీ మెట్లెక్కుతున్నారు. డోసు మాట ఎవరూ ఎత్తలేదు. సగం మెట్లు ఎక్కాక ఓబులేసు ఆగిపోయాడు.

"మేడమ్, ఆ ప్రోటీను మన ఊపిరితిత్తిని పట్టుకునే చోటు ఒకటి పైనే ఉంటాది..."

మేడమ్ వెనక్కి తిరిగి అడిగారు.

"ఆ చోటు మూసుకుంటే, బ్యాక్టీరియా ఊపిరితిత్తిని పట్టుకోగలదా?"