ఊక బస్తా ఫోటో

“కులం అడగం, సిఫారసు అడగం. నా ఫోటో చెదరకుండా తీసినవాడిదే ఆస్థాన కొలువు!” అని రాజావారు నిండు సభలో ప్రకటించారు.

దివాను బావమరిది ఇంగ్లండు సీమ నుంచి తెప్పించిన మూడు కాళ్ల ఇత్తడి కెమెరా స్టాండును చెక్క వేదిక మీద నిలబెట్టాడు. నౌకర్లు నడిచినప్పుడల్లా వేదిక ఊగింది. ఫోటోలో రాజావారికి రెండు ముక్కులు వచ్చాయి.

గుర్రపు జీనులు కుట్టే పోతులయ్య, జీనులో కూరే ఊకను గోతంలో నింపి రాతి గట్టు మీద పెట్టాడు. తన పాత కెమెరాను దాని మీద అదిమి కుదురుగా కూర్చోబెట్టాడు. రాజావారి మీసంలో ప్రతి వెంట్రుకా స్పష్టంగా వచ్చింది.

రాజావారు మురిసిపోయారు. కొలువు మాత్రం బావమరిదికే ఇచ్చారు.

“ఊక బస్తావాణ్ణి ఆస్థానంలో పెట్టుకుంటే పరువేం కావాలిరా?” అన్నాడు దివాను.

“నిజమే బాబయ్యా. వాడు తీసిన బొమ్మ ఉన్నా పరువు తక్కువే,” అంటూ పోతులయ్య ఫోటోను చంకన పెట్టుకున్నాడు. “వైశాఖ పౌర్ణమికి గవర్నరు దొర వస్తున్నారట. దర్బారు గోడకు రెండు ముక్కులదే తగిలించండి.”

రాజావారు గతుక్కుమన్నారు. “ఆగరా! అది ఇక్కడ పెట్టి వెళ్లు.”

“పెడతాను ప్రభూ. తీసిందెవరని దొర అడిగితే ఊక బస్తావాడంటారా, ఆస్థాన ఫోటోగ్రాఫరంటారా? పౌర్ణమికి నాలుగు రోజుల ముందే, శుద్ధ ఏకాదశిలోగా ఏ మాటో సెలవివ్వండి. అందాకా ఫోటో నా చంకలోనే ఉంటుంది.”