బుద్ధివారి లెన్సు పరీక్ష

బుద్ధివారి పాలెంలో తెలివి ఎక్కడుందని అడిగితే దాలినాయుడు తన చొక్కా జేబు తట్టి చూపిస్తాడు. తలలో పెడితే నిద్రలో కారిపోతుందని అతని భయం. తమ్ముడు అప్పలకొండ దీన్ని ఒప్పుకుంటాడు. పెళ్ళాం గౌరమ్మ కూడా ఒప్పుకుంటుంది, ఆ చొక్కా ఉతికేది తనే కాబట్టి. ముగ్గురూ కలిసి ఫోటో స్టూడియో నడుపుతున్నారు. కెమెరా కొత్త రకందే, మిర్రర్‌లెస్. అందులో అద్దం ఉండదని తెలిసిన రోజునే గౌరమ్మ జాలిపడి తన బొట్టుపెట్టె అద్దం తీసి కెమెరా సంచిలో పెట్టింది.

ఇలా ఉండగా రైసుమిల్లు గవర్రాజుగారి చిన్నమ్మాయికి పెళ్ళి కుదిరింది. పెద్దమ్మాయి పెళ్ళిలో పట్నం ఫోటోగ్రాఫరు తీసిన ప్రతి ఫోటోలోనూ పిల్ల కళ్ళు మూసుకునే ఉంది. ఆ మంట ఆయనకింకా చల్లారలేదు.

"ఒరే దాలినాయుడూ, మా చిన్నది కళ్ళు మూసుకున్న ఫోటో ఒక్కటి కనబడిందా, నీ స్టూడియోకి నేనే తాళం వేస్తాను. కనబడలేదా, ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ నీవే," అన్నారు పదిమందీ వింటుండగా.

స్టూడియో పోతే దాలినాయుడి ఇంటిల్లిపాదికీ వేరే బతుకుతెరువు లేదు. మంచి లెన్సు కావాలి. అంతే, అన్నదమ్ములిద్దరూ బస్సెక్కి విజయనగరం పోయి, ఉన్న లెన్సు కాస్తా మార్పిడి కింద ఇచ్చేశారు. కొట్టాయన రెండు కొత్తవి బల్లమీద పెట్టాడు.

"ఇది ముప్పై అయిదు మిల్లీమీటర్లది. చిన్న గదిలోనైనా అందరూ వస్తారు. ఇది ఎనభై అయిదు. ముఖం చక్కగా వస్తుంది, వెనకున్నదంతా మాయమైపోతుంది. రెంటికీ జూమ్ లేదు, మీరే ముందుకీ వెనక్కీ నడవాలి."

"ఏది కొనమంటారండీ?"

"రెండూ పట్టుకెళ్ళి తీసి చూడండి. ఏది లేకపోతే మీకు పని జరగదో అది ఉంచుకుని, అక్కర్లేనిది తిరిగిచ్చేయండి."

ఇంకేముంది, ఇంటికి రాగానే పరీక్ష మొదలు. ముందు ఎనభై అయిదు. గౌరమ్మ గేదె ముందు నిలబడింది. నిలబడ్డదల్లా కెవ్వుమంది.

"ఏటండీ, గేదె మాయమైపోతే రేపు పాలెవరిస్తారు?"

గేదెని పొరుగింట్లో కట్టేశారు. దాని బదులు రెండు రోజుల అంట్లు తెచ్చి వెనక పోసుకుని, గౌరమ్మ ముఖం నిండా నవ్వుతో కూర్చుంది. ఫోటోలో అంట్లు నిజంగానే మసకలో కలిసిపోయాయి. తిరిగి చూస్తే పెరట్లో ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఫోటోలో తోమింది గానీ ఇంట్లో తోమలేదు. దొంగ లెన్సు," అంది.

సరే, గదిలో తీసి చూద్దామన్నాడు అప్పలకొండ. వదినా మరిదీ బల్లమీద కూర్చున్నారు. దాలినాయుడు ఎంత వెనక్కి నడిచినా ఇద్దరూ ఫోటోలోకి రావడంలేదు. ఇంతలో వీపుకి గోడ తగిలింది.

"కొట్టాయన వెనక్కి నడవమన్నాడు. గోడ దగ్గర ఆగమన్నాడా?"

"అన్లేదు అన్నియ్యా."

అంతే, దాలినాయుడు గుమ్మంలోంచి బయటికెళ్ళి, గోడ చుట్టూ తిరిగి, అవతల నిలబడి తీశాడు. గోడ చాలా బాగా వచ్చింది. దాంతో గునపం తెచ్చి గోడకి కన్నం పెట్టారు. కన్నంలోంచి తీస్తే ఇద్దరూ పడ్డారు. ఆ సంబరంలో కప్పు మీది పెంకులు ఎనిమిది జారి పగిలినా ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ముప్పై అయిదు. ముందుకి నడవమన్నాడు కదా అని దాలినాయుడు తమ్ముడి ముక్కుకి లెన్సు తగిలేదాకా నడిచాడు. ఫోటోలో ముక్కు గుమ్మడికాయంత వచ్చింది.

"పొద్దున్న ఇంత లేదు అన్నియ్యా!" అని అప్పలకొండ ఘొల్లుమన్నాడు. గౌరమ్మ పరుగున వచ్చి వాపు తగ్గడానికి గుడ్డకి పసుపు రాసి పట్టు వేసింది. పెళ్ళి వెళ్ళిపోయాక కూడా అతను ఆ పట్టు తియ్యలేదు.

దాలినాయుడు జేబు తట్టుకుని ఆలోచించాడు.

"ఏది లేకపోతే పని జరగదో అది ఉంచుకోమన్నాడు. ముప్పై అయిదు తీసేస్తే ఏటయింది?"

"ఎనభై అయిదుతో పని జరిగింది."

"ఎనభై అయిదు తీసేస్తే?"

"ముప్పై అయిదుతో జరిగింది."

"అంటే ఏది లేకపోయినా పని ఆగలేదు. రెండూ అక్కర్లేదు!"

ఇంత తెలివి ఒక్క జేబులో ఎలా పట్టిందా అని అప్పలకొండ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మర్నాడే రెండూ తిరిగిచ్చేశారు. లెన్సు లేకుండా జరిగే పనికి పాతది మాత్రం ఎందుకని, దాన్నీ అడగలేదు. కొట్టాయన ఏదో చెప్పబోయాడు గానీ వీళ్ళకి బస్సు టైమైంది.

పెళ్ళిలో దాలినాయుడు నోరు తెరుచుకున్న కెమెరా పట్టుకుని ముందుకీ వెనక్కీ నడిచాడు. వెనక్కి నడిచి తలంబ్రాల పళ్ళెంలో కూర్చున్నాడు. ముందుకి నడిచి పురోహితుడి కొబ్బరికాయ తన్నాడు. కెమెరా తెర చూస్తే అంతా తెల్లగా ఉంది.

"ఒరే, వెనకున్నదే కాదు, ముందున్నది కూడా మాయం. ఎనభై అయిదుకంటే ఇదే మేలు," అని తమ్ముడికి కన్నుగీటాడు.

వారం తిరక్కుండా ఆల్బం తీసుకెళ్ళి గవర్రాజుగారి చేతిలో పెట్టారు. ఆయన ఒక పేజీ తిప్పారు. తెలుపు. ఇంకోటి తిప్పారు. తెలుపే, ఓ మూల కాస్త పసుపు. అది అప్పలకొండ ముక్కు కావచ్చు. చివరిదాకా ఇదే వరస.

"మా అమ్మాయేదిరా?"

దాలినాయుడు జేబు తట్టుకున్నాడు.

"అమ్మాయి కనబడాలని మీరు అన్లేదండి. ఇందులో మూడొందల ఫోటోలున్నాయి. కళ్ళు మూసుకున్నది ఒక్కటి చూపించండి, తాళం నేనే తెచ్చిస్తాను."

గవర్రాజుగారు మళ్ళీ మొదట్నుంచి తిప్పారు. పాపం, నిజంగానే వెతికారు. ఒక్కటీ దొరకలేదు. ఇంకేముంది, పదిమందిలో ఇచ్చిన మాట, ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ వీళ్ళకే దఖలు పడ్డాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని కుర్చీలో కూలబడ్డారు.

"చూశావా అన్నియ్యా, పెద్దమ్మాయికి కళ్ళు మూసుకునే జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో!" అన్నాడు అప్పలకొండ. అంతే, తన ముక్కు మీది పసుపు పట్టు పీకి, రెండు ముక్కలు చేసి, గవర్రాజుగారి రెండు కళ్ళకీ వేసేశాడు.