పేర్లు అయినాకే నీళ్ళు

అనగా అనగా ఒక కనుమ. ఆ కనుమ మీద రోడ్డు ఇంకా ఎర్రమట్టిగానే ఉన్న రోజులు. లారీలు అప్పుడప్పుడే ఆ దారి పట్టిన రోజులు. ఆ లారీలకు ఆకలి తక్కువ, దాహం ఎక్కువ.

కనుమకు ఇవతల రాతిగనులు. కనుమకు అవతల రైలుస్టేషను. నడుమ ఎక్కుడు. నాపరాళ్ళు నింపుకున్న లారీ మొదటి మలుపులో మూలిగేది. రెండో మలుపులో దగ్గేది. మూడో మలుపులో ముక్కులోంచి ఆవిరి చిమ్ముతూ ఆగిపోయేది.

ఏ లారీ ఆగినా అక్కడే ఆగేది. అక్కడొక ఏపిచెట్టు. చెట్టు కింద ఒక బండ. బండ పక్కన నీళ్ళకుండలు. కుండల పక్కన ఓబులమ్మ.

ఓబులమ్మ మేకలు కాచుకునే మనిషి. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. లోయలో చెలమ తవ్వి, ఆ నీళ్ళు కుండతో మోసుకొచ్చి చెట్టు కింద పెట్టేది. ఎవరూ మోయమనలేదు. ఎందుకమ్మా నీకీ తిప్పలు అంటే, బండి నోరు తెరుచుకుని నిలబడితే చూస్తా ఎట్లా కూర్చునేది అనేది.

అయితే ఆమెదొక పద్ధతి. నీళ్ళు వెంటనే ఇచ్చేది కాదు. డ్రైవరు ముందు బండ మీద కూర్చోవాలి. ముంతెడు అంబలి తాగాలి. అప్పుడు ఆమె అడిగేది.

"మీ ఇంట్లో ఎవరెవరు ఉండారు నాయనా? పేర్లు చెప్పు."

ఒక్కో పేరు చెప్పాలి. ఒక్కో పేరుకూ ఎట్లా ఉన్నారని ఆమె అడిగేది. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా, పెద్దోడు బడికి పోతున్నాడా, చంటిది పాకుతోందా. పేర్లన్నీ అయినాక, "ఇంక పోసుకో పో" అనేది.

డ్రైవర్లలో కొందరు నవ్వుకునేవాళ్ళు. కొందరు విసుక్కునేవాళ్ళు. ముసలిది నీళ్ళ పిసినారి అన్నాడు ఒకడు. ఇంటిల్లిపాది పేర్లూ కూడబెట్టి చేతబడి చేస్తుందేమో అన్నాడు ఇంకొకడు.

అందరికన్నా విసుగు ఎక్కువైనవాడు కుళ్ళాయప్ప. బసిరెడ్డి అనే ఆసామి లారీకి డ్రైవరు. చెయ్యి మంచిదే, ఓపికే లేదు. స్టేషనులో తన రాళ్ళే ముందు దిగాలి. ఇంటికి తన బండే ముందు తిరగాలి.

ఒక ఎండపొద్దు మూడో మలుపులో అతని లారీ ఆవిరి చిమ్మింది. ఓబులమ్మ అంబలి ముంత చేతికిచ్చి పేర్లు అడిగింది.

"నేను రాళ్ళు దించేదానికి పోతాండా అవ్వా, పెండ్లిసంబంధానికి కాదు" అన్నాడు కుళ్ళాయప్ప. చేతికి గోనెపట్టా చుట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు. కుండెత్తి చన్నీళ్ళు గబగబా పోసేశాడు. ఇంజను లోపల ఎక్కడో టక్కుమంది. ఇంజను మీది ఇనుపమూత, హెడ్డు అంటారు, అది పగిలింది. లారీకి ఎద్దులు కట్టి కిందికి ఈడ్చుకొచ్చారు. ఇంజను జాతకం బాగాలేదన్నాడు కుళ్ళాయప్ప. నిజమే కాబోలు అనుకున్నాడు బసిరెడ్డి.

హెడ్డు మార్చారు. ఈసారి కుళ్ళాయప్ప తన నీళ్ళు తానే డబ్బాలో తెచ్చుకున్నాడు. ముసలమ్మ ప్రశ్నలు తప్పించుకోవడానికి చెట్టుకు కాస్త ఇవతలే బండి ఆపాడు. మూత తిప్పాడు. గబగబా పోశాడు. మళ్ళీ టక్కుమంది. మళ్ళీ ఎద్దులు.

గనుల దగ్గర నవ్వుల పంట పండింది. కుళ్ళాయప్ప బండికి ఇంజను లోపల ఉండదంట, ముందు నడుస్తాదంట, దానికి కొమ్ములుంటాయంట. ఇట్లా ఒకరి తర్వాత ఒకరు.

బసిరెడ్డి మాత్రం నవ్వలేదు. పిలిచి నెమ్మదిగానే చెప్పాడు.

"రేయ్ కుళ్ళాయప్పా, ఇంకొకసారి ఎద్దులతో బండి ఇంటికొచ్చిందా, నువ్వు ఎద్దులే తోలుకో. స్టీరింగు ఇంకొకడు పడతాడు."

కుళ్ళాయప్ప ఆ మాట మోసుకుంటూ ఇంటికి పోయాడు. వాళ్ళ నాయన ఎద్దులే తోలాడు. వాళ్ళ తాత ఎద్దులే తోలాడు. ఆ ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి చెయ్యి తనది. అది జారితే మళ్ళీ దొరికేది కాదు.

తనకు తెలిసిందంతా చేశాడు. ఇంజనాయిలు మార్చాడు. ముందు నిమ్మకాయలు కట్టాడు. చక్రం కింద గుమ్మడికాయ పగలగొట్టాడు. కనుమ ఎక్కాడు. మొదటి మలుపులో లారీ మూలిగింది. రెండో మలుపులో దగ్గింది. మూడో మలుపులో ఆవిరి చిమ్ముతూ ఏపిచెట్టు కింద ఆగిపోయింది.

కుళ్ళాయప్ప దిగి కుండ మీద చెయ్యి వేశాడు. ఓబులమ్మ వద్దనలేదు. ఆమె పనిలో ఆమె ఉంది. పొయ్యి మీంచి సంగటి కుండ దించి నేల మీద పెట్టింది. మూత తీయలేదు. కుండ ముందు కూర్చుని ఏదో గొణిగింది.

"నల్లది. బొల్లిది. కుంటిది."

కుళ్ళాయప్ప చెయ్యి ఆగింది. ఏమవ్వా ఆ మంత్రం అని అడిగాడు.

"మంత్రమేంది నాయనా. మాయమ్మ నేర్పింది. దించిన కుండ ముందర పిల్లోళ్ళ పేర్లన్నీ తల్చుకోవాల. అప్పుడే మూత తీయాల. నాకు పిల్లోళ్ళు లేరు గదా, మేకల పేర్లు చెప్పుకుంటా."

"ముందే తీస్తే?"

"చెయ్యి కాల్తాది. కాలే కుండలో చన్నీళ్ళు పోస్తే కుండే పగుల్తాది."

"ఇది ఇనుమవ్వా."

"ఇనుమైతే పగలదా నాయనా?"

కుళ్ళాయప్పకు ఎద్దులతో రెండుసార్లు కనుమ దిగింది గుర్తొచ్చింది. కుండ వదిలేసి వచ్చి బండ మీద కూర్చున్నాడు. అంబలి తాగాడు. ఆమె అడగకముందే మొదలుపెట్టాడు. అమ్మ పేరు చెప్పాడు. భార్య పేరు చెప్పాడు. పెద్దకూతురి పేరు, నడిపిదాని పేరు చెప్పాడు. చివర్న చిన్నదాని పేరు చెప్పాడు, సుంకమ్మ అని.

"సుంకమ్మకు పాలపండ్లు ఊడినాయా?" అని అడిగింది ఓబులమ్మ.

కుళ్ళాయప్పకు తెలియలేదు. లారీలో ప్రతి బోల్టూ తెలుసు. ఇది తెలియలేదు.

"నేను ఇంటికి పోయేసరికి నిద్రపోతాంటాదవ్వా. లేచి వచ్చేటప్పుడూ నిద్రలోనే ఉంటాది."

"అయితే చూసి రా. మళ్ళీ అడుగుతా. ఇంక పోసుకో పో. నిదానంగా."

అప్పటికి ఆవిరి తగ్గింది. ఇంజను బుసలు మానింది. కుళ్ళాయప్ప మూత నెమ్మదిగా తిప్పాడు. చెంబుతో కొంచెం కొంచెం పోశాడు. చెవి పెట్టి విన్నాడు. టక్కుమనలేదు. లారీ కనుమ దాటింది. రాళ్ళు స్టేషనులో దిగాయి. బండి తన కాళ్ళ మీద తానే ఇంటికొచ్చింది. బసిరెడ్డి స్టీరింగు మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఎక్కుడులో కుళ్ళాయప్ప లారీ దిగుతూనే చెప్పాడు. పైవి రెండూ ఊడినాయంట, మూడోది కదులుతోందంట, వేలు పెట్టి చూడనిచ్చిందంట.

ఎద్దులు లేకుండా తిరుగుతున్న కుళ్ళాయప్ప బండిని మిగతా డ్రైవర్లు చూశారు. ఒక్కొక్కరే విసుగు మాని, తమంతట తామే వచ్చి బండ మీద కూర్చోవడం మొదలుపెట్టారు. అక్కడ జవాబు చెప్పాలి గనుక ఇంటి దగ్గర చూసుకుని వచ్చేవాళ్ళు. పిల్లల్ని నిద్రలేపి మరీ అడిగి వచ్చేవాళ్ళు. మరిచిపోతామని భయపడ్డవాళ్ళు లారీ నుదుట, రేడియేటరుకు పైన, పిల్లల పేర్లు రంగుతో రాయించుకున్నారు.

ఓబులమ్మకు మాత్రం ఒక చిక్కు వచ్చింది. ఇప్పుడు సంగటి కుండ దించితే మేకల పేర్లతో సరిపోవడం లేదు. డ్రైవర్లందరి పిల్లల పేర్లూ చెప్పుకోవాలి. అందరివీ అయ్యేసరికి సంగటి చల్లారిపోయేది.

చల్లటి సంగటి తింటున్నావే అవ్వా అని కుళ్ళాయప్ప ఒకసారి ఎగతాళి చేశాడు.

"ఇంతమంది పిల్లోళ్ళు ఉన్నదానికి వేడిసంగటి ఎక్కడిది నాయనా" అని నవ్వి, తృప్తిగా ముద్ద నోట్లో పెట్టుకుంది ఓబులమ్మ.

అట్లా ఎన్నో ఎండాకాలాలు గడిచాయి. ఒక ఎండాకాలం ఆమె చెట్టుకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే కన్ను మూసింది. కుండలు నిండుగా ఉన్నాయి. పైకి వచ్చిన లారీలు అక్కడే నిలిచాయి. డ్రైవర్లే మోశారు. డ్రైవర్లే మట్టి వేశారు. మేకల్ని కుళ్ళాయప్ప ఇంటికి తోలుకుపోయాడు.

మర్నాడు ఒక లారీ మూడో మలుపులో ఆవిరి చిమ్ముతూ ఆగింది. ఆ డ్రైవరు కొత్తవాడు. ఏం చేయాలో తెలియక కుండ వైపు నడిచాడు. వెనకే వచ్చిన కుళ్ళాయప్ప తన లారీ ఆపి, దిగి, తన సద్ది అంబలి ముంతలో పోసి అతని చేతికిచ్చాడు.

"కూర్చో నాయనా. మీ ఇంట్లో ఎవరెవరు ఉండారు? పేర్లు చెప్పు."

ఇప్పుడా కనుమ మీద తారురోడ్డు ఉంది. లారీలకు పెద్ద ఇంజన్లు వచ్చాయి. ఎక్కుడులో మూలగవు, దగ్గవు. అయినా ఆ చెట్టు కింద ఆగుతాయి. ఖాళీగా తిరిగివచ్చేవాళ్ళు చెలమ నీళ్ళు తెచ్చి కుండలు నింపిపోతారు. ఆ వైపు ఇళ్ళల్లో పిల్లలు వేడికుండ మీద చెయ్యి వేయబోతే, పేర్లు అయినాయా అని పెద్దవాళ్ళు అడుగుతారు.

బండ మీద కూర్చున్నవాడు ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పుకుంటాడు. ఇంట్లో ఎవరూ లేనివాడు ఓబులమ్మ పేరు చెప్పుకుంటాడు. ఇల్లు నిండా జనం ఉన్నవాడు కూడా చివర్న ఆమె పేరు చెప్పుకుని గానీ లేవడు.

కథ కనుమ దిగింది. మీ ఇంట్లోవాళ్ళ పేర్లు మీరూ ఒకసారి చెప్పుకుని, నిదానంగా లేవండి.