రెండు వైపులా చెక్కిన రాయి

ఒకానొక రాజ్యం అన్నదమ్ముల పంతానికి రెండుగా చీలిపోయింది. దాని పేరు కందమూరు. ఏటికి ఉత్తరాన అన్న భీమదేవుడు, దక్షిణాన తమ్ముడు గోకర్ణదేవుడు. తండ్రి పోయిన పదమూడో నాడు సింహాసనం దగ్గర మొదలైన మాటామాటా నెల తిరక్కుండా కత్తుల దాకా వచ్చింది. పౌరుషం ఇద్దరికీ కావలసినంత ఉంది, ఆయుధాలే చాలినన్ని లేవు. అందుకని ఇద్దరూ సాయం కోరుతూ పరాయి రాజు దగ్గరికి రాయబారులను పంపారు. పంపింది కూడా ఒక్క చోటికే.

ఆ చోటు హేమగిరి. దాని రాజు ఉద్దండదేవుడికి బిరుదుల పిచ్చి. ఆయన కొలువులోకి వచ్చే ముందు వందిమాగధుడు ముప్పైరెండు బిరుదులు గుక్క తిప్పుకోకుండా చదవాలి. ముసలివాళ్లయినా సరే అంతసేపూ నిలబడే వినాలి. అన్నింటిలోకీ ఆయనకు ముద్దొచ్చేది ‘విజయప్రదాత’ అన్న బిరుదు. ఆయన సాయం పొందినవాడు యుద్ధంలో ఓడడని దాని అర్థం. ఆ మహానుభావుడు పుట్టి బుద్ధెరిగి ఒక్క యుద్ధమైనా చూసినవాడు కాదు. ఆయనకున్నదల్లా బాణాలు చేసే పెద్ద కర్మశాల. గట్టి వెదురు, పదునైన ములుకు, తోక దగ్గర చిన్న నెలవంక గుర్తు. ఆ గుర్తున్న బాణం గురి తప్పదని చుట్టుపక్కల దేశాలన్నీ చెప్పుకునేవి.

తమ్ముడి తరఫున హేమగిరికి వెళ్లినవాడు మాచన. మంచి మాటకారి. ఆయన నోరు విప్పితే కోపంగా ఉన్నవాడు కూడా ముసిముసిగా నవ్వుకోవలసిందే. అన్న తరఫున వచ్చినవాడు ప్రోలయ. ఇద్దరూ వియ్యంకులు. ప్రోలయ కూతురు మైలమ్మను మాచన కొడుకు నాగనకు ఇచ్చి చేసి మూడేళ్లయింది. పెళ్లినాటికి ఏటికి రెండు ఒడ్లూ ఒకే రాజ్యం.

ఉద్దండదేవుడు మాచనను సోమవారం, ప్రోలయను గురువారం పిలిపించేవాడు. సోమవారం నాడు, నా సాయమంతా మీ ప్రభువుకే, ఆ రెండో ఆయన్ను ఊరికే తిప్పుతున్నాను అనేవాడు. గురువారం నాడూ ఆ మాటే అనేవాడు. మాచన నమ్మాడు. నెల రోజులు బిరుదులు నిలబడి విని, ఇరవై బండ్ల బాణాలు సంపాదించి, వాటి ముందు తానే గుర్రమెక్కి ఊళ్లోకి వచ్చాడు. గోకర్ణదేవుడు ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. ఆ రోజు మాచన కాళ్లు నేల మీద నిలవలేదు.

రెండు నెలలకు రేవు దగ్గర జరిగిన పోరులో నాగన పోయాడు. ఇంటికి తెచ్చిన కొడుకు ఒంట్లోంచి బాణాన్ని మాచనే తన చేత్తో లాగాడు. తోక దగ్గర నెలవంక ఉంది. మనవాళ్ల బాణమే పొరపాటున తగిలిందేమో అనుకున్నాడు. అంతలో సైనికులు శత్రువుల దగ్గర దొరికిన అంబులపొది తెచ్చి అక్కడ పడేశారు. అందులో ఉన్న ప్రతి బాణానికీ నెలవంకే. అవతలి ఒడ్డుకు వాటిని తెచ్చిపెట్టినవాడు ఎవరో మాచనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మామ తెచ్చిన బాణం అల్లుణ్ణి పొట్టన పెట్టుకుంది. మరి తాను తెచ్చిన ఇరవై బండ్లూ అవతల ఎన్ని ఇళ్లు ముంచాయో అనుకునేసరికి, కొడుకు కోసం ఏడవడానికి కూడా ఆయనకు సిగ్గేసింది.

పన్నెండో రోజు కర్మ ముగిసిందో లేదో, గోకర్ణదేవుడు కబురు పెట్టాడు. బాణాలు నిండుకున్నాయి, నువ్వే వెళ్లాలి అన్నాడు. మాచన కాదనలేదు. కొడుకు ఒంట్లోంచి తీసిన బాణాన్ని పైపంచెలో చుట్టుకుని బయల్దేరాడు.

సోమవారం పొద్దున హేమగిరి రాజును కలిసి మాచన విడిదికి వచ్చేసరికి అక్కడ ప్రోలయ ముందే దిగి ఉన్నాడు. అల్లుడి కబురు ఆయనకు అందింది గానీ బాణం సంగతి తెలియదు. ఏ ముఖం పెట్టుకుని పలకరించాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు. మాచన పైపంచె విప్పి బాణం ఆయన చేతిలో పెట్టాడు. ప్రోలయ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తోక దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

"నేను తెచ్చిందేనా బావగారూ?"

"మీరు తెచ్చిందే. నేను తెచ్చినవి మీ వైపు పడ్డాయి."

ప్రోలయ గోడకు చేరగిలబడ్డాడు. మళ్లీ ఇరవై బండ్లు ఇస్తానని రాజు మాట ఇచ్చాడని, ఈ గురువారం ఆయన పుట్టినరోజు పొద్దునే బయల్దేరుతాయని చెప్పాడు. తనకూ ఈ పొద్దునే అంతే మాట ఇచ్చాడన్నాడు మాచన. తమ రాజులను బతిమాలితే వినరు, ఈ రాజును బతిమాలితే ఇంకో బిరుదు అడుగుతాడు. సరే, బిరుదే ఇద్దామన్నాడు మాచన. తెలిస్తే తమ రాజులు తలలు తీయిస్తారని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ ఆ సాయంత్రమే రాళ్లు చెక్కేవాడి ఇంటికి కలిసి వెళ్లారు.

హేమగిరిలో ఒక ఆచారం ఉంది. సాయం పొందినవారు రాజుగారి పుట్టినరోజున ఆయన్ను పొగుడుతూ శిలాశాసనం వేయించాలి. రాజు తన ఒప్పుదలగా దాని మీద గంధపు చేయి వేయాలి, అంటే గంధం పూసిన అరచేతి ముద్ర వేయాలి. ఆ తర్వాత దాన్ని కొలువులో పైకి చదువుతారు. ఒకసారి చేయి పడ్డాక అక్షరం మార్చడానికి రాజుకే వీల్లేదు. పూర్వపు రాజులు చదివి విన్నాకే చేయి వేసేవారట. ఉద్దండదేవుడు మాత్రం ముందు చేయి వేసి తర్వాత వినేవాడు. తన గురించి ఎవరైనా పొగడ్త తప్ప ఇంకేం రాయగలరని ఆయన నమ్మకం. శత్రుపక్షాల రాయబారులిద్దరూ కలిసి ఒకే రాయి మీద తనను పొగిడారని వినగానే ఆయన పొంగిపోయాడు.

పుట్టినరోజు కొలువుకు ఐదు దేశాల రాయబారులు వచ్చారు. బిరుదులన్నీ అయ్యాక పైకొన మాత్రం కనబడేలా పట్టుబట్ట చుట్టిన రాతి నెత్తిన రాజు గంధపు చేయి వేశాడు. బట్ట తీశారు. వ్రాయసకాడు గొంతు సవరించుకుని చదివాడు.

"హేమగిరి ప్రభువు కందమూరు గోకర్ణదేవుడికి ఇరవై బండ్ల బాణాలిచ్చి సాయపడ్డాడు. ఈ ప్రభువు సాయం పొందినవాడు ఓడడు. ఈ మాట అబద్ధమయ్యేలా చేసినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడు."

రాజు ఉలిక్కిపడి ప్రోలయ వంక చూశాడు. ప్రోలయ చేతులు కట్టుకుని వినయంగా నిలబడి ఉన్నాడు. రాజు హమ్మయ్య అనుకునేలోపే మాచన రాతిని రెండో వైపు తిప్పించాడు. వ్రాయసకాడు తన ధోరణిలో తాను చదువుకుంటూ పోయాడు. అవే మాటలు, అవే బండ్లు, అదే శాపం. గోకర్ణదేవుడి పేరున్న చోట మాత్రం భీమదేవుడి పేరుంది.

దండనాయకుడు లేచి రాతిని పగలగొట్టిస్తానన్నాడు. చేయి పడింది కదా ప్రభూ అని పురోహితుడు మెల్లగా గుర్తుచేశాడు.

"ఏమిటీ వేళాకోళం?" అన్నాడు రాజు.

"వేళాకోళం కాదు ప్రభూ. రెండు వైపులా ఉన్నది మీరు చేసిన సాయం, మీకున్న బిరుదు. మేము కల్పించినది ఏదీ లేదు" అన్నాడు మాచన.

"కొట్టుకునేవాళ్లు ఇద్దరూ ఎలా గెలుస్తారయ్యా?"

"గెలవరు. పోరు సాగితే ఒకరు ఓడక తప్పదు. ఎవరు ఓడినా ఓడించేది మీ బాణాలే గనుక మీ బిరుదు పోతుంది, పాపమూ మీకే చుట్టుకుంటుంది. ఎవరూ ఓడకూడదంటే పోరు ఆగాలి. మీ బాణాలు ఆగితే అదీ ఆగుతుంది."

రాజు ఐదు దేశాల రాయబారుల వైపు చూశాడు. వాళ్లు నవ్వు దాచుకోవడానికి పైపంచెలు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. ఇక ఆయన ఒక్కసారిగా పకపకా నవ్వాడు. భుజాలు ఎగిరేలా నవ్వాడు. అన్నదమ్ములిద్దరినీ సమానంగా ఉంచి సంధికి తేవాలనే ఇన్నాళ్లూ ఇద్దరికీ ఇచ్చానని, ఆ కిటుకు కనిపెట్టిన బుద్ధిమంతుడు మాచన ఒక్కడేనని అందరికీ వినబడేలా చెప్పాడు. అంత పచ్చి అబద్ధాన్ని అంత హాయిగా చెప్పగలగడం కూడా ఒక విద్యే. మాచన తల వంచుకుని విన్నాడు. ఆ నవ్వు వింటుంటే ఆయనకు ఒళ్లు మండింది. అయినా పళ్ల బిగువున ఓర్చుకున్నాడు.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. పొద్దున బయల్దేరిన బాణాల బండ్లు ఇంకా పొలిమేర దాటి ఉండవని, వాటిని వెనక్కి పిలిపించమని కోరాడు మాచన. రౌతులు వెళ్లి బండ్లు మళ్లించుకొచ్చారు. రాజు పైగా ఇద్దరికీ చెరొక శాలువా కప్పించాడు.

బాణాలు లేని అన్నదమ్ములు నెల రోజులు గుర్రుగా చూసుకుని, చివరికి ఏరే సరిహద్దని ఒప్పుకున్నారు. పోరు ఆపిన ఘనత కూడా తమదేనని చాటుకున్నారు గనుక రాయబారుల తలలు దక్కాయి. సంధి జరిగిన మర్నాడే ప్రోలయ ఏరు దాటి కూతురి దగ్గరికి వచ్చాడు. ఆసరికే మాచన చమత్కారం ఊరంతా పాకింది. అరుగుల మీద జనం రాజు ఉలిక్కిపడిన తీరు అనుకరించి చూపిస్తూ కడుపుబ్బ నవ్వుతున్నారు. ఇరుగుపొరుగువాళ్లు వచ్చి మైలమ్మకు కూడా ఆ కథంతా పూసగుచ్చినట్టు చెప్పి వెళ్లారు.

ఆమె అంతా విన్నది. వియ్యంకులిద్దరూ శాలువాలు మడిచి పక్కన పెట్టి వసారాలో కూర్చుని ఉంటే వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మామయ్యగారూ, ఈ ఉపాయం మీకు మొదటిసారి వెళ్లినప్పుడే ఎందుకు తోచలేదు?"

నిండు కొలువులో రాజుకు తడుముకోకుండా జవాబు చెప్పిన మాచన ప్రోలయ వైపు చూశాడు. ప్రోలయ నేల చూపులు చూస్తున్నాడు.

"అప్పుడు మాకు గెలవాలని ఉందమ్మా" అన్నాడు మాచన.