శేషారత్నం పోగొట్టిన పాఠాలు

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదే తల్లీ, మొన్నమొన్నటి కాలంలోనే ఒక ఊళ్ళో ఒక ఇల్లుండేది. ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు. పెద్దకోడలు శేషారత్నం, చిన్నకోడలు హైమ. ముందు కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెబుతా.

ఆ ఇంట్లో మూడు ల్యాప్‌టాప్‌లు. పెద్దాయనదొకటి, చిన్నాయనదొకటి, హైమదొకటి. ఊరి చివర చూపులేని పిల్లల బడి ఉంది. వాళ్ళ కోసం హైమ పాఠాలు గట్టిగా చదివి తన గొంతు రికార్డు చేసేది. పుస్తకమంతా అయ్యాక ఒకేసారి ఇమ్మన్నారు బడివాళ్ళు. అది వినే ఆ పిల్లలు పరీక్షకు చదువుకోవాలి.

అప్పుడు ఒకరోజు పెద్దాయన ల్యాప్‌టాప్ ఆగిపోయి, ఎలాగో మళ్ళీ లేచింది. అన్నీ దాచుకోడానికి ఒక హార్డ్ డిస్క్ కొందామన్నారు. "నేను తెస్తా, మీకెవరికీ బేరం చేతకాదు" అంది శేషారత్నం.

షాపతను మూడు రకాలు చూపించాడు. మొదటిది బిస్కెట్టంత. కిందపడ్డా తట్టుకుంటుంది గానీ ధర చుక్కల్లో ఉంది. రెండోది అరచెయ్యంత. లోపల చక్రం తిరుగుతుంది, చోటు బోలెడు, ధర అందుబాటు. మూడోది పేరూ ఊరూ లేనిది. తళతళలాడే డబ్బా, కారుచవక. "ఇంత చవగ్గా అంత చోటు ఎవడిస్తాడయ్యా?" అని దాన్ని పక్కకి తోసేసి రెండోది తీసుకుంది. ఎంచుకోవడం బాగానే ఎంచుకుంది, నేను కాదనను.

"అమ్మా, ఇందులోకి కాపీ చేశాక ల్యాప్‌టాప్‌లో..." అని అతనేదో చెప్పబోయాడు. "నాకు తెలుసులేవయ్యా" అని సంచీలో వేసుకుంది. ఏం తెలుసు, నా బొంద! తెలియదని చెప్పడానికి ఆవిడకి నామోషీ.

ఆ తర్వాత ఇంటికొచ్చి డిస్కుకి పసుపు కుంకుమ పెట్టింది. మూడు ల్యాప్‌టాప్‌లలో ఉన్నవన్నీ అందులోకి ఎక్కించింది. ఎక్కించి, ల్యాప్‌టాప్‌లలో ఉన్నవి తుడిచేసింది! నగలు బీరువాలో పెట్టాక మళ్ళీ బయటెందుకుంటాయి, ఇదీ అంతే అనుకుంది. డిస్కులో భద్రంగా ఉన్నాయిగా అని ఇంట్లోవాళ్ళూ ఊరుకున్నారు. రెండుచోట్ల ఉంటేనే కదే దాచుకున్నట్టు? ఒక్కచోటే ఉంటే చోటు మార్చినట్టు, అంతే.

అప్పుడు ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. శేషారత్నం తన పెళ్ళి ఫోటోలు చూసుకుందామని డిస్కు పెట్టింది. చూస్తూ చూస్తూ చెయ్యి ఎత్తింది. గాజుల్లో వైరు చిక్కుకుంది. డిస్కు బల్ల మీంచి ధబ్బున గచ్చు మీద పడింది. మళ్ళీ పెడితే టిక్కు టిక్కు అంటుందే తప్ప ఏమీ చూపించదు. చీరకొంగుతో తుడిచి, బీరువాలో పెట్టి, ఏమీ ఎరగనట్టు కూరలు తరుక్కుంటూ కూచుంది.

సాయంత్రం అందరూ వచ్చారు. హైమ డిస్కు తీసి పెట్టింది. టిక్కు టిక్కు. "ఏమైందక్కా దీనికి?" అంది.

"నీ పాఠాలే ఎక్కువై అది తట్టుకోలేకపోయింది" అంది శేషారత్నం. అనేసింది! ఎలా వచ్చిందో ఆ మాట నోటికి.

శేషారత్నమే షాపుకి తీసుకెళ్తే "కింద పడిందామ్మా?" అన్నాడతను. "అబ్బే" అంది. బాగుచేయడానికి పట్నం పంపితే, పాఠాలు వస్తాయో రావో గానీ ఖర్చు మాత్రం ఇంకో ల్యాప్‌టాప్ అంత అవుతుందన్నాడు. డిస్కు సంచీలో వేసుకుని తిరిగొచ్చేసింది.

హైమ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నావల్ల మీ పెళ్ళి ఫోటోలు కూడా పోయాయి, క్షమించండక్కా" అంది. శేషారత్నానికి తల కొట్టేసినట్టయింది. నువ్వు చెప్పవే, అలా క్షమించమని అడిగించుకుని ముద్ద ఎలా దిగుతుంది?

ఆ తర్వాత హైమ పుస్తకం మొదటినుంచీ మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. పరీక్షలు దగ్గరకొచ్చేశాయి. పొద్దస్తమానం చదివి చదివి గొంతు బొంగురుపోయింది. శేషారత్నం మిరియాల పాలు తీసుకుని చెప్పేద్దామని వెళ్ళింది. పాలిచ్చి వచ్చేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. "ఎంత మంచివారక్కా మీరు" అంది హైమ. శేషారత్నం సిగ్గుతో గిర్రున వెనక్కి తిరిగింది. మూడోసారి గుమ్మం దాకా వెళ్ళి అక్కణ్ణుంచే వచ్చేసింది. ఆ పాలు పారబోసింది.

అప్పుడు ఆ బడినుంచి టీచరుగారు, నీలవేణి అనే పిల్లా వచ్చారు. ఆ పిల్ల హైమ మాట వినగానే చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "అక్కా, మీ గొంతేమైంది? పాఠాలు మాకు అందుతాయా?" అంది.

"తప్పు నాదేనమ్మా, ఎక్కువ నింపి పోగొట్టాను. ఒక్కదాన్నే పరీక్షల్లోపు చదవలేనేమో" అంది హైమ.

ఆ పిల్లకి కళ్ళు కనబడవని శేషారత్నానికి తెలుసు. అయినా కొంగుతో మొహం కప్పుకుంది. కప్పుకునే చెప్పింది. "హైమది కాదమ్మా. పడేసింది నేను. తుడిచేసింది నేను. తప్పు హైమ మీదకి తోసిందీ నేనే."

"ఇన్నాళ్ళూ నన్నెందుకు ఏడిపించారక్కా?" అంది హైమ. కోపంగానే అంది.

"అయితే అత్తా, మీకూ చదవడం వచ్చుగా?" అంది నీలవేణి.

ఇంకేముంది! మర్నాడే తోటికోడళ్ళిద్దరూ ఆ షాపుకి వెళ్ళారు. మళ్ళీ ఆ రెండో రకం డిస్కే కొన్నారు. ఈసారి శేషారత్నం "నాకు తెలియదు బాబూ, మొదటినుంచీ చెప్పు" అని నోరు మూసుకుని విన్నది. ఒక పాఠం హైమ, ఒక పాఠం శేషారత్నం చదివి పరీక్షల్లోపు పుస్తకం పూర్తిచేశారు.

తను మొదటిసారి చదివేటప్పుడు, పాఠం కంటే ముందు శేషారత్నం ఇలా అంది. "నా పేరు శేషారత్నం. ఈ పాఠాలు ఒకసారి పోగొట్టింది నేను. నా తోటికోడలి మీద అబద్ధం చెప్పాను." ఆ ముక్క చెరిపేద్దామని హైమ చెయ్యి చాపింది. "ఉండనీ" అంది శేషారత్నం.

ఇప్పటికీ ఏటేటా కొత్త పిల్లలు అది వింటారు. శేషారత్నం బజార్లో ఏమండీ అన్నా చాలు, "పోగొట్టిన అత్త!" అని గొంతు గుర్తుపట్టేస్తారు. ఆవిడ తల దించుకుంటుంది. వాళ్ళొచ్చి చెయ్యి పట్టుకుంటారు. ఆవిడ తల దించుకునే రోడ్డు దాటిస్తుంది.

కథ నడిచింది కంచి దాకా,
మనం నడిచేది మంచం దాకా,
దాచిన తప్పు గొంతు దాకా,
చెప్పేస్తే నిద్ర తెల్లారే దాకా.