తెల్ల వంటిల్లు

లోవరాజు సొంతంగా చేసిన మొదటి వంటింట్లో ఇంకా పొయ్యి వెలగలేదు. ఇంటివాళ్ళు దిగి నెల దాటింది. గృహప్రవేశం అయింది, చుట్టాలు వచ్చారు, వెళ్ళారు. పొయ్యి మాత్రం బిగించిన రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే మెరుస్తోంది.

వేరొకరికైతే ఇది కష్టమే కాదు. పని అప్పజెప్పాం, వాళ్ళు వండుకుంటే ఏం, హోటల్నుంచి తెప్పించుకుంటే ఏం అని ఊరుకుంటారు. కానీ లోవరాజు సోమాచారి మాస్టారి శిష్యుడు. కాకినాడ జగన్నాథపురంలో మాస్టారి వర్క్‌షాపుకి ఒక పద్ధతి ఉంది. మంచం చేస్తే, దాని మీద ఇంటాయన గుర్రుపెట్టి నిద్రపోయాడని కబురు రావాలి. వంటిల్లు చేస్తే, అందులో వండింది తాము ఒక పూట తినాలి. అప్పటిదాకా ఆ పని అయినట్టు కాదు. మాస్టారికి భోజనమంటే ప్రాణం కాబట్టే ఈ పద్ధతి పెట్టుకున్నారని గిట్టనివాళ్ళు అంటారు. మాస్టారు కాదనరు.

భానుగుడి దగ్గర ఆ ఫ్లాటు పని ఆయన పూర్తిగా లోవరాజు చేతుల్లో పెట్టేశారు. "నేను చూడను, చెప్పను. భోజనానికి పిలువు, వస్తాను," అన్నారు. ఆ భోజనం అయితే లోవరాజు ఇకమీదట తన పనులు తనే ఒప్పుకోవచ్చు. అందుకని నెల్లాళ్ళుగా అతను ఆ ఇంటివాళ్ళ పిలుపు కోసం ఎదురు చూస్తున్నాడు. పిలుపు రాలేదు.

ఇంటావిడ పేరు సత్యవేణి. పెళ్ళయినప్పట్నుంచీ అద్దె పోర్షన్లలోనే కాపురం చేసింది. వంటగది అంటే వరండాలో ఒక మూల, మసిపట్టిన గోడ. "ఇన్నాళ్ళూ నల్లగోడ చూస్తూ వండాను తమ్ముడూ. తెల్లగోడ చూస్తూ వండుకోవాలనుంది," అని మొదటిరోజే లోవరాజుతో చెప్పింది. ఆ మాట అతని మనసులో నాటుకుపోయింది. ప్రాణం పెట్టి చేశాడు. అల్మారాల తలుపులకి పిడి అన్నది కనిపించకుండా, గట్టు రాయి అతుకు ఎక్కడుందో చెయ్యి పెట్టి తడిమినా తెలియకుండా, ఈ గోడనుంచి ఆ గోడదాకా మెరుపు లేని మెత్తటి తెలుపు. చూసినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

ఒకరోజు చూసొద్దామని వెళ్తే, సత్యవేణి వెనకవైపు గిన్నెలు తోముకునే జాగాలో, ఎత్తుపీట మీద పాత ఒంటిపొయ్యి పెట్టుకుని, చెమటలు కక్కుతూ చేపల పులుసు కాస్తోంది. తెల్ల వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది.

"అదేంటి మేడమ్, ఇక్కడ వండుతున్నారు?"

"చేపలు కదా తమ్ముడూ. వాసన."

సరే అనుకున్నాడు. ఇంకోరోజు వెళ్తే అదే జాగాలో పప్పు ఉడుకుతోంది. పప్పుకి వాసనేమిటి? "అలవాటు లేదు కదా, నెమ్మదిగా మొదలెడతాలే," అని నవ్వి, కాఫీ ఇచ్చి పంపేసింది. ఆ కాఫీ కూడా వెనక జాగాలోంచే వచ్చింది.

ఆ మర్నాడు పొద్దున లోవరాజు వర్క్‌షాపుకి వచ్చేసరికి మాస్టారు ఒక కుర్చీ చేతికి ఉప్పుకాగితం పడుతున్నారు. శిష్యుడి మొహం చూసి కూడా ఏం అడగలేదు. అడగకపోతే వాడే చెప్తాడని ఆయనకి తెలుసు.

"ఆవిడ వండటం లేదండి," అన్నాడు లోవరాజు.

"ఏం, చిమ్నీ మోత ఎక్కువా?"

"పక్కనున్నవాళ్ళకి కూడా వినపడదండి. గట్టు ఆవిడ ఎత్తుకి కొలిచి పెట్టాను. ఏది ఎక్కడుండాలో ఆవిణ్ణే నిలబెట్టి, చెయ్యి చాపించి, అప్పుడు గీశాను. ఒక్క వంక లేదండి. వంట మాత్రం వెనక జాగాలో చేస్తారు. వచ్చినవాళ్ళకి మన వంటిల్లు తలుపు తీసి చూపించి, మళ్ళీ వేసేస్తారు." కింద చూస్తూ గొణిగాడు. "గాడిదకేం తెలుసు గంధపుచెక్క వాసనని ఊరికే అన్నారా."

మాస్టారు ఉప్పుకాగితం ఆపారు.

"గంధపుచెక్కతో మనం ఎప్పుడు చేశాంరా? ప్లైవుడ్డే కదా."

లోవరాజుకి నవ్వు రాలేదు. తను అన్న మాటకి తనకే చెవులు వేడెక్కాయి. మాస్టారు లేచి, పంచె మీద పొట్టు దులుపుకుని, గోడకి తగిలించిన చొక్కా తీసుకున్నారు.

"ఫోన్ చెయ్యి. భోజనానికి వస్తున్నామని చెప్పు. మేం వచ్చేదాకా పొయ్యి వెలిగించొద్దని కూడా చెప్పు."

"పిలవకుండా ఎలా వెళ్తామండి?"

"ఆకలేసినవాడికి పిలుపేంట్రా," అని ఆయన అప్పటికే స్కూటరు దగ్గరికి నడిచారు.

సత్యవేణి తలుపు తీసి, "ఆయ్, రండి బాబాయిగారూ," అని లోపలికి తీసుకెళ్ళింది. ఆవిడ భర్త పోర్టు ఆఫీసుకి వెళ్ళిపోయాడు. మాస్టారి చేతిలో దారిలో కొన్న దోసకాయలు ఉన్నాయి. అవి ఆవిడకి ఇచ్చి, "దోసకాయ పప్పు తిని చాలా రోజులైందమ్మా," అన్నారు, ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడి మాదిరిగా.

తర్వాత తెల్ల వంటింట్లోకి వెళ్ళారు. లోవరాజు ఆయన వెనకే నిలబడ్డాడు. మాస్టారు ఒక సొరుగు లాగి వదిలారు. అది చప్పుడు లేకుండా దానంతట అదే వెళ్ళి మూసుకుంది. గట్టు రాయి మీద అరచెయ్యి ఆనించి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. వంగి అల్మారా కింద చూశారు. మామూలుగా ఎవరూ చూడని చోటు అది. అక్కడ కూడా లోవరాజు అంచులు నున్నగా తీర్చాడు.

"బావుందిరా," అన్నారు. "నా చేత కాదు ఇంత శుభ్రం."

ఆ మాటకి లోవరాజు గుండె నిండిపోయింది. మాస్టారి నోట్లోంచి అలాంటి మాట వినడానికి మనుషులు ఏళ్ళ తరబడి చిత్రిక పట్టారు. కానీ ఆయన అక్కడ ఆగలేదు. హాల్లోకి వచ్చి ఫ్రిజ్ వంక చూశారు. ఫ్రిజ్ తలుపు మీద పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. వెనక జాగాలోకి వెళ్ళారు. ఎత్తుపీట మీది ఒంటిపొయ్యికి బొట్టు. పక్కన మిక్సీకి బొట్టు. నీళ్ళ మోటారు స్విచ్చు పెట్టెకి కూడా చిన్న బొట్టు. ఆయన ఒక్కొక్కటీ చూసుకుంటూ తిరిగి తెల్ల వంటింట్లోకి వచ్చారు. అప్పుడు ఆయన వెనకే తిరుగుతున్న లోవరాజు కూడా చూశాడు. ఆ గదిలో పచ్చని చుక్క ఎక్కడా లేదు.

"ఏమ్మా," అన్నారు మాస్టారు, "ఈ పొయ్యికి బొట్టు పెట్టలేదే?"

సత్యవేణి లోవరాజు వంక ఒక చూపు చూసి, చీర కొంగు సర్దుకుంది.

"తమ్ముడు వద్దన్నాడండి. తెల్ల రంగు కదా, పసుపు పడితే మరక పోదంట. నిజమేలెండి. అంత కష్టపడి అంత అందంగా చేసిచ్చాక, నా చేతులారా పాడు చేసుకుంటానా?"

"మరి పాలు ఎక్కడ పొంగించావు, గృహప్రవేశానికి?"

"అదిగో," అని వెనక జాగా చూపించింది. ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. తప్పు తనదే అన్నట్టు మాట్లాడింది. "బొట్టు పెట్టని పొయ్యి మీద పాలెలా పొంగించను బాబాయిగారూ? పాలు పొంగని చోట కూరెలా వండను? రోజూ లోపలికి వెళ్ళి తుడుచుకుని వస్తాను. నాది అనిపించదు. ఎవరిదో పెద్దవాళ్ళ ఇంట్లో నిలబడ్డట్టు ఉంటుంది."

లోవరాజుకి ఆ రోజు గుర్తొచ్చింది. గృహప్రవేశానికి ముందురోజు తాళాలిచ్చే వేళ సత్యవేణి ఇత్తడి గిన్నెలో పసుపు కలుపుకుని, తలస్నానం చేసిన జుట్టుతో, ముచ్చటపడుతూ లోపలికి వచ్చింది. అతను అప్పుడే ఫొటోలు తీస్తున్నాడు. చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడమ్, పసుపు మాత్రం వద్దండి, ఈ తెలుపు మీద పడిందంటే ఇక పోదు," అన్నాడు. ఆవిడ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "అయ్యో, నాకు తెలీదు తమ్ముడూ," అని వేళ్ళు కొంగుకి తుడుచుకుంది. అతను ఇంకో నాలుగు ఫొటోలు తీసుకుని, పెద్ద గండం తప్పించాననుకుంటూ వెళ్ళిపోయాడు.

తెలియనివాడా అంటే కాదు. తునిలో వాళ్ళమ్మ కొత్త చీపురుకి కూడా ఇంత పసుపు రాయందే ఇల్లూడవదు. వర్క్‌షాపులో దసరాకి రంపాలకి బొట్లు పెట్టేది అతనే. ఇక్కడ మాత్రం ఆ పసుపు అతనికి మరకలాగే కనిపించింది. లోవరాజుకి సిగ్గేసింది. పొద్దున అన్న గాడిద మాట తల్చుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాస్టారు అతని వంక చూడను కూడా చూడలేదు.

"పసుపు గిన్నె ఉందా అమ్మా?"

ఆవిడ తెచ్చింది. మాస్టారు చిటికెడు పసుపు అరచేతిలో వేసుకుని, కుళాయి నీళ్ళతో తడిపి, పొయ్యి కింద ఉన్న సొరుగు మీద నట్టనడుమ నాలుగు వేళ్ళతో బారుగా రాసేశారు. గదిలోకి వచ్చినవాళ్ళ చూపు మొదట పడేది అక్కడే. లోవరాజు తీసిన ప్రతి ఫొటోలోనూ మధ్యన ఉండేది ఆ సొరుగే.

లోవరాజు చెయ్యి అతని ప్రమేయం లేకుండానే జేబులోంచి రుమాలు లాగింది. మాస్టారు ఆ మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా ఏం కాదు, పిల్లాణ్ణి రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు.

"ముందు భోజనం కానీరా," అన్నారు. రెండో చేత్తో గిన్నె సత్యవేణికి అందించారు. "మిగతాది నువ్వు కానియ్యమ్మా."

సత్యవేణి గిన్నె అందుకుని, లోవరాజు మొహంలోకి చూసింది. ఆ ఒక్క చూపు అతనికి తిట్టుకన్నా ఎక్కువైంది. తన ఇంట్లో తన పొయ్యికి బొట్టు పెట్టుకోవడానికి ఆవిడ అతని అనుమతి కోసం చూస్తోంది.

"పెట్టండి అక్కగారూ," అన్నాడు. ఇన్నాళ్ళూ మేడమ్ అన్న నోటితో ఆ పిలుపు కాస్త తడబడి వచ్చింది.

ఆవిడ మొదట మాస్టారు రాసిన పసుపు మీద కుంకుమ అద్దింది. తర్వాత పొయ్యికి. తర్వాత గట్టు అంచుకి. ఇక చెయ్యి ఆగలేదు. చిమ్నీకి పెట్టింది, అందనంత ఎత్తులో ఉన్న అల్మారాకి మునివేళ్ళ మీద లేచి మరీ పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కొంగుతో అద్దుకుంది. పొగ మీదికి నెడదామంటే ఆ వంటింట్లో పొగ కూడా లేదు.

పాలు పెట్టింది. పొంగు వచ్చినప్పుడు తగ్గించలేదు. నురగ గిన్నె దాటి, పొయ్యి మీదుగా తెల్లరాయి మీదికి దిగింది. మాస్టారు చేతులు జోడించారు. ఆయన్ని చూసి లోవరాజు కూడా జోడించాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఉన్నారన్న సంగతే ఆవిడ మర్చిపోయింది. వెనక జాగాలోంచి పోపుల డబ్బా, పప్పు గుత్తి, నూనె జిడ్డు పట్టిన సీసా, అన్నీ వచ్చేశాయి. లోవరాజు ముచ్చటపడి అమర్చిన గాజు అరలో ఊరగాయ జాడీ వెళ్ళి కూర్చుంది. ఏ సొరుగు ఎలా తెరుచుకుంటుందో చూపిద్దామని అతను ముందుకు వెళ్తే, "అడ్డం లే తమ్ముడూ, నూనె కాగుతోంది," అని మోచేత్తో పక్కకి నెట్టేసింది. ఆవాలు చిటపటలాడి కొన్ని తెల్లగోడ మీదికి ఎగిరాయి. ఇంగువ వాసనకి మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

భోజనాలు నేల మీదే. దోసకాయ పప్పు, అప్పడాలు, ఊరమిరపకాయలు. మాస్టారు అడిగి మరీ రెండోసారి వేయించుకున్నారు. సత్యవేణి లోవరాజు విస్తట్లో నెయ్యి వేస్తూ, "ఇంకొంచెం కలుపుకో తమ్ముడూ, మన వంటింట్లో మొదటి వంట," అంది. మన అన్న ఆ మాటకి అతను తలెత్తకుండా ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

చేతులు కడుక్కోవడానికి ఇద్దరూ తెల్ల వంటింట్లోకి వచ్చారు. సత్యవేణి హాల్లో తాంబూలం సర్దుతోంది, లోపలికి కూనిరాగం వినిపిస్తోంది. సొరుగు మీద పసుపు ఆరి, చిక్కగా, ముదురుగా పట్టేసింది. లోవరాజు దాని ముందు గొంతుక్కూర్చుని వేలితో అంచు మెల్లగా గీకి చూశాడు. తుడిచెయ్యాలని కాదు. చేసిన చెయ్యి కదా, ఊరుకోలేదు.

"ఇక పోదండి మాస్టారూ," అన్నాడు.

మాస్టారు భుజం మీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటున్నారు.

"పోకూడదనే కదరా పెట్టేది."